పదకొండు పాటల పక్కన నాలుగు

అమెరికన్ గాయకుడు జాన్ డెన్వర్ పాటలతో 1973 నవంబరులో ఆర్‌సీఏ రికార్డుల సంస్థ విడుదల చేసిన ‘జాన్ డెన్వర్స్ గ్రేటెస్ట్ హిట్స్’ అనే ఆల్బమ్‌లో పదకొండు పాటలున్నాయి. నా దగ్గరున్న క్యాసెట్‌లో మాత్రం పదిహేను ఉన్నాయి. ఎక్కువైన ఆ నాలుగింటి సంగతి తర్వాత చెబుతాను; ముందు పదకొండింటి సంగతి.

ఆ క్యాసెట్ 1988 వేసవిలో ఒడిశాలోని మా పర్లాకిమిడి ఇంటికి వచ్చింది. అప్పటికి మాది గంజాం జిల్లాయే. గజపతి జిల్లా ఇంకా ఏర్పడలేదు. మా మామయ్య బరంపురంలో ఉద్యోగం చేస్తూ, నెలకొకసారి మా అమ్మను చూడటానికి వచ్చేవాడు. ఆ రోజుల్లో కావలసిన పాటల పేర్లు చీటీ మీద రాసి, ఖాళీ క్యాసెట్ కొని ఇస్తే, రెండు రోజుల్లో రికార్డు చేసి ఇచ్చే దుకాణాలు బరంపురంలో ఉండేవి. మామయ్య చీటీ కూడా రాయలేదట. షాపులో మోగుతున్న ఎల్పీ రికార్డు విని, అది మొత్తం అరవై నిమిషాల క్యాసెట్ మీదికి ఎక్కించమన్నాడట. నాకు ఇస్తూ, “ఇంగ్లీషు బాగుపడుతుందిరా, రోజూ విను” అన్నాడు. నా ఇంగ్లీషు బాగుపడిన మాట అటుంచితే, తొమ్మిదో తరగతిలో మొదలైన ఆ వినడం ఇప్పటికీ ఆగలేదు.

‘గ్రేటెస్ట్ హిట్స్’ అన్న పేరు చూసి, అవన్నీ అమెరికాలో మారుమోగిపోయిన పాటలేనని చాలా ఏళ్లు అనుకున్నాను. తీరా లెక్క తీస్తే సంగతి వేరుగా ఉంది. ఆ ఆల్బమ్ బయటికి వచ్చేనాటికి డెన్వర్ గొంతులో అమెరికా పాటల పట్టికలో మొదటి పది స్థానాల్లోకి ఎక్కినవి రెండే: 1971లో రెండో స్థానం దాకా వెళ్లిన ‘టేక్ మీ హోమ్, కంట్రీ రోడ్స్’, 1973లో తొమ్మిదో స్థానం దగ్గర ఆగిన ‘రాకీ మౌంటెన్ హై’. ‘లీవింగ్ ఆన్ ఎ జెట్ ప్లేన్’ మొదటి స్థానం చేరిన మాట నిజమే కాని, దాన్ని అక్కడికి చేర్చింది డెన్వర్ కాదు, పీటర్, పాల్ అండ్ మేరీ బృందం. ఇక మిగిలినవి ఆల్బమ్‌లలో ఒదిగి ఉండిపోయినవీ, కచేరీలకు వచ్చేవారు మాత్రమే అడిగి పాడించుకునేవీ. రెండు విజయాలకు తొమ్మిది పాటలు జతచేసి ‘గొప్ప విజయాలు’ అని పేరు పెట్టడం వ్యాపారమే, అందులో సందేహం లేదు. అయితే ఆ పేరు విచిత్రంగా ఆ తర్వాతే నిజమైంది. 1971 నాటి ఆల్బమ్‌లోని ‘సన్‌షైన్ ఆన్ మై షోల్డర్స్’ మొదట వేరొక పాట రికార్డుకు వెనకవైపు పాటగా మాత్రమే వెళ్లింది. 1973లో ఒక టెలివిజన్ చిత్రంలో వాడిన తర్వాత దాన్ని మళ్లీ విడుదల చేశారు. 1974 మార్చి నెలాఖరులో ఆ పాటా, ఆ పాట ఉన్న ఈ సంకలనమూ తమ తమ పట్టికల్లో మొదటి స్థానంలో నిలిచాయి. అంటే హిట్ కాని పాటను హిట్ల వరుసలో కూర్చోబెట్టిన నాలుగు నెలలకు అది హిట్ అయింది. పిల్లవాడికి ముందే ‘రాజా’ అని పేరు పెట్టి, తర్వాత సింహాసనం వెతికినట్టు.

ఈ సంకలనాన్ని నేను నిజంగా గౌరవించడం మొదలుపెట్టింది మాత్రం వేరొక కారణం వల్ల. చాలా ఏళ్ల తర్వాత విశాఖపట్నంలో ఒక మిత్రుడి ఇంట్లో దాని ఎల్పీ అట్ట చూశాను. అట్ట మీద డెన్వర్ కొన్ని వాక్యాలు రాసుకున్నాడు. ఈ పాటలు కొంత ఎదిగాయనీ, నాలుగైదేళ్ల కిందటి కంటే ఇప్పుడు తాను మెరుగ్గా పాడుతున్నాననీ, అందుకే కొన్నింటిని మొదటి రికార్డింగుల కంటే కాస్త భిన్నంగా పాడాలనిపించిందనీ ఆ మాటల సారాంశం. అన్నట్టుగానే, తొలి ఆల్బమ్‌లలోని కొన్ని పాటలను ఈ సంకలనం కోసం కొత్తగా మళ్లీ పాడాడు. సంకలనం అంటే గోదాములో ఉన్న సరుకును కొత్త సంచిలో నింపడమే అయిన రంగంలో, ఒక గాయకుడు తన పాత పాటలను మళ్లీ దగ్గరికి తీసుకుని, “నిన్ను అప్పుడు సరిగా పాడలేదు” అని ఒప్పుకోవడం నాకు చాలా పెద్ద విషయంగా తోచింది.

దీనికి మంచి ఉదాహరణ ‘జెట్ ప్లేన్’ పాటే. అతడు దాన్ని 1966లో రాశాడు. అప్పుడు దాని పేరు వేరు. ‘బేబ్, ఐ హేట్ టు గో’ అని పెట్టుకున్నాడు. పేరు మార్చమని సలహా ఇచ్చినవాడు మిల్టన్ ఓకన్. పీటర్, పాల్ అండ్ మేరీ బృందానికి సంగీతపు కూర్పు చేసినదీ, తర్వాత ఈ సంకలనానికి నిర్మాతగా ఉన్నదీ ఆయనే. 1966లో తన సొంత ఖర్చుతో వేసుకుని తెలిసినవారికి పంచిపెట్టిన రికార్డులో డెన్వర్ ఆ పాటను పాత పేరుతో పాడాడు. పీటర్, పాల్ అండ్ మేరీ దాన్ని 1967లో తమ ఆల్బమ్‌లో చేర్చుకున్నారు. 1969 డిసెంబరులో అది మొదటి స్థానానికి వెళ్లింది. ఆ బృందానికి దక్కిన మొదటి స్థానం అదొక్కటే. అదే 1969లో డెన్వర్ తన మొదటి ఆల్బమ్‌లో దాన్ని రెండోసారి పాడాడు. ఈ సంకలనం కోసం 1973లో మూడోసారి పాడాడు. 1969 నాటి పాటనూ 1973 నాటి పాటనూ ఒకదాని వెంట ఒకటి వినిపిస్తే, సంగీతం తెలియనివారికి కూడా తేడా అందుతుంది. 1969 నాటిదానిలో పాట మీద ప్రేమ కంటే పాట నిలబడుతుందో లేదోనన్న కంగారు ఎక్కువగా వినిపిస్తుంది. మూడోసారి పాడేనాటికి ఆ పాట లోకమంతటికీ తెలిసిపోయింది. ఇక దాన్ని ఎవరికీ పరిచయం చేయనక్కరలేదు. అందుకే గొంతు దిగి, మాట మాటకూ మధ్య చోటు ఇచ్చి, ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషికి చెబుతున్నట్టు పాడాడు.

ఆ వయసులో మాకు విమానం అంటే ఆకాశంలో గీత మాత్రమే. ఊరు విడిచి వెళ్లడమంటే నౌపడా వైపు పోయే చిన్న రైలు ఎక్కడమే. పర్లాకిమిడి రాజావారు వేయించిన ఆ నేరోగేజి లైను 1900లో మా ఊరి దాకా వచ్చింది. 1931లో గుణుపూరు దాకా సాగింది. దాని వేగం ఎంతటిదంటే, వీడ్కోలు చెప్పడానికి వచ్చినవాళ్లు ప్లాట్‌ఫారం దాటాక కూడా కిటికీ పక్కనే నడుస్తూ, మరిచిపోయిన మాటలన్నీ గుర్తు చేసుకుని చెప్పుకునేవారు. మామయ్య సెలవు ముగించుకుని వెళ్లేటప్పుడు నేను అలాగే గేటు దాకా నడిచేవాణ్ని. జెట్ విమానం పాటకు నా మనసులో ఉన్న బొమ్మ నేటికీ ఆ రైలు పెట్టెదే. 2004లో గేజి మార్పిడి కోసం దాన్ని ఆపేశారు. ఇప్పుడు నడిచే పెద్ద రైలుకు ఆ మర్యాద లేదు.

మన భాషలో ఇటువంటి కళాకారుడికి పేరు ఉంది: వాగ్గేయకారుడు. మాటా పాటా తనదే అయి, పాడే గొంతూ తనదే అయినవాడు. అన్నమయ్య, త్యాగయ్యల దగ్గర వాడే ఆ మాటను గిటారు పట్టుకున్న అమెరికావాడికి అంటగట్టడం కొందరికి కష్టంగా ఉండవచ్చు కాని, ఇంతకంటే సరైన మాట నాకు దొరకలేదు. నిజానికి ‘హిట్స్’ ఎంపిక అన్నది మన వాగ్గేయకారులకూ తప్పలేదు. అన్నమయ్య ముప్పై రెండు వేల కీర్తనలు చెప్పాడని ప్రతీతి. రాగిరేకుల మీద దొరికినవే పన్నెండు వేలకు పైచిలుకు. అందులో మన ఇళ్లలో వినిపించేవి ఇరవయ్యో ముప్పయ్యో. వాటిలోనూ చాలావాటికి మనం వినే వరుసలు గత శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు కట్టినవి. ఎంపిక చేసిందీ ఇతరులే, వరుస కట్టిందీ ఇతరులే. తన పాటల్లో ఏవి మిగలాలో, ఎలా మిగలాలో చెప్పే అవకాశం ఆ మహానుభావుడికి లేకపోయింది.

సినిమా పాటల విషయానికి వస్తే చిక్కు ఇంకొక రకం. మన చిన్నప్పటి హిట్స్ క్యాసెట్ల మీద హీరో బొమ్మో గాయకుడి బొమ్మో ఉండేది; రాసినవారి పేరు లోపలి కాగితం మీద చీమ తలకాయంత అక్షరాలతో ఉండేది, అదీ ఉంటే. పాటకు ముగ్గురు యజమానులు ఉన్నప్పుడు, వారిలో ఒక్కరి పేరు మీద వేసిన సంకలనం ఆ ఒక్కరి కథ చెప్పదు. మాకు దగ్గరలోని పార్వతీపురం ప్రాంతం నుంచి వచ్చిన వంగపండు ప్రసాదరావు మాత్రం అచ్చమైన వాగ్గేయకారుడు. ఆయన పుట్టింది 1943లో. డెన్వర్ పుట్టిందీ 1943 డిసెంబరు ఆఖరి రోజునే. ఒకరు గజ్జె కట్టారు, ఒకరు గిటారు పట్టారు. అంతకు మించి ఇద్దరికీ పోలిక వెతకడం అనవసరం. వంగపండు పాటలు మా వైపు సరిహద్దు దాటి వచ్చింది క్యాసెట్ల కంటే ముందు మనుషుల నోళ్ల మీద. ఒక్కొక్క నోట ఒక్కొక్క చరణం ఎక్కువయ్యేది, తగ్గేది. అదీ ఒక రకమైన మళ్లీ పాడటమే.

‘కంట్రీ రోడ్స్’ గురించి రాయకుండా ఈ ఆల్బమ్ గురించి రాయడం కుదరదు. ఎల్పీలో మొదటి పాట అదే. తెలుగువాడికి వర్జీనియా అంటే పొగాకు. ఆ పాటలో ‘వెస్ట్ వర్జీనియా’ అన్న మాట మొదటిసారి విన్నప్పుడు, ఇది ఏ సిగరెట్టు కంపెనీ ప్రకటన పాటో అనుకున్నాను. మా నాయనమ్మకు ఒక్క ఇంగ్లీషు ముక్క తెలియదు. వరండాలో చేటతో బియ్యం చెరుగుతూ రోజూ ఆ పాట వినేది. ఒకరోజు చేట ఆపి, “ఆడెవుడో గానీ ఇంటికి బెంగెట్టుకున్నాడ్రా” అంది. నాకు బడిలో ఎవరూ చెప్పని అర్థం అది. నాయనమ్మది పాతపట్నం దగ్గర పల్లె. మా ఇంటి నుంచి అక్కడికి సైకిలు మీద వెళ్లి రావచ్చు. అయినా అది వేరే రాష్ట్రం.

ఆ పాట పుట్టుక కథ పూర్తిగా తెలిశాక నాయనమ్మ మాట నాకు ఇంకా వింతగా తోచింది. ఎందుకంటే ఆ బెంగ పెట్టుకున్నవాళ్లలో ఎవరికీ అది సొంత ఊరు కాదు. బిల్ డానాఫ్, టాఫీ నివర్ట్ అనే జంట మేరీల్యాండ్ రాష్ట్రంలోని క్లాపర్ రోడ్డు మీద కారులో పోతూ ఆ పాటకు బీజం వేసుకున్నారు. అప్పటికి డానాఫ్ వెస్ట్ వర్జీనియాలో అడుగే పెట్టలేదు. అతడిది మసాచుసెట్స్, ఒక దశలో ఆ పేరే పాటలో పెడదామా అనుకున్నాడు, రెండు పేర్లూ తూకానికి సరిపోతాయి కనుక. ఆ పాటను జానీ క్యాష్‌కు ఇద్దామన్నది వారి ఆలోచన. 1970 డిసెంబరు చివర వాషింగ్టన్‌లోని సెల్లార్ డోర్ అనే క్లబ్బులో డెన్వర్‌తో కలిసి కచేరీలు చేస్తున్నప్పుడు ఒక రాత్రి కారు ప్రమాదంలో డెన్వర్ బొటనవేలు విరిగింది. ఆసుపత్రిలో కట్టు కట్టించుకుని వారి ఇంటికి వెళ్లిన డెన్వర్‌కు ఆ అసంపూర్తి పాట వినిపించారు. ముగ్గురూ తెల్లవారే దాకా కూర్చుని పూర్తి చేశారు. డిసెంబరు 30న దాన్ని మొదటిసారి పాడితే జనం లేచి నిలబడి చప్పట్లు ఆపలేదు.

ఇక భూగోళం సంగతి. పాటలో వచ్చే బ్లూ రిడ్జ్ కొండలు, షెనండోవా నది ఎక్కువ భాగం పక్కనున్న వర్జీనియా రాష్ట్రంలో ఉన్నాయి. వెస్ట్ వర్జీనియాకు తూర్పున కొసలా పొడుచుకు వచ్చిన చిన్న ముక్కను మాత్రం అవి తాకుతాయి. ఈ తప్పు పట్టుకుని నవ్వేవారిని చాలామందిని చూశాను. నాకు మాత్రం అది తప్పుగా తోచదు. మహేంద్రగిరి కొండ గజపతి జిల్లాలో ఉంది. మహేంద్రతనయ మా ఊరిని ఒరుసుకుంటూ ఆంధ్ర వైపు పోయి వంశధారలో కలుస్తుంది. మా ఊరివాడు ఎవరైనా దూరదేశంలో కూర్చుని ఇంటి మీద పాట కడితే, అందులో కొండ ఒక రాష్ట్రానిదీ, నది రెండు రాష్ట్రాలదీ, అమ్మమ్మగారి ఊరు మరొక రాష్ట్రానిదీ అవుతాయి. పటం దగ్గర పెట్టుకుని బెంగ పెట్టుకునేవాళ్లు ఎవరుంటారు? వెస్ట్ వర్జీనియా ప్రభుత్వం కూడా ఈ అభ్యంతరాన్ని పట్టించుకోలేదు. 2014లో ఆ పాటను తమ రాష్ట్ర గీతాల్లో ఒకటిగా స్వీకరించింది.

అన్నట్టు, వెస్ట్ వర్జీనియా వర్జీనియా నుంచి విడిపోయి రాష్ట్రమైన సంవత్సరం 1863. ఆ సంవత్సరమే గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు పుట్టారు. పర్లాకిమిడిలో దశాబ్దాల పాటు పాఠాలు చెప్పి, సవర భాష నేర్చి దానికి వ్యాకరణమూ నిఘంటువూ కూర్చి, మనమందరం ఇలా రాయగలిగే తెలుగు కోసం పోరాడిన ఆ పెద్దాయన, 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి మా ఊరు అటు చేరినప్పుడు, ఇక్కడ ఉండలేక రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. ఇల్లు కదలలేదు, గీత కదిలింది. ఆయన వెళ్లిపోయారు, మా తాతగారి వంటివాళ్లు ఉండిపోయారు. ఉండిపోయినవాళ్ల మనవణ్ని కనుకనే ఆ పాట వింటున్నప్పుడు నాకు ‘ఇంటికి తీసుకుపో’ అని రోడ్డును అడగడం వింతగా ఉంటుంది. మేము ఇంట్లోనే ఉన్నాం. ఏ రాష్ట్రపు ఇంట్లో ఉన్నామన్నది మాత్రం ఇంకెవరో చెప్పారు.

అన్ని పాటలూ నాకు సమానంగా ఇష్టమని చెబితే అబద్ధమవుతుంది. ‘ఫాలో మీ’ పాటలో నా వెంట రా, నేను చేసేదే నీకూ ఇష్టం కావాలి అనే ధోరణి ఉంది. వినడానికి తియ్యగా ఉన్నా ఆ తియ్యదనం కింద ఒక భర్త సౌకర్యం దాక్కుని ఉంది. ‘ఫర్ బేబీ’ పాయసంలో రెండోసారి వేసిన పంచదార. ‘స్టార్‌వుడ్ ఇన్ ఆస్పెన్’ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ‘ది ఈగిల్ అండ్ ది హాక్’ రెండు నిమిషాల పాటే కాని, గొంతు ఎంత ఎత్తుకు పోగలదో చూపడానికి పెట్టిన మెట్టు అది. పదకొండింటిలో ఒక్కటే ఉంచుకోమంటే నేను ‘పోయమ్స్, ప్రేయర్స్ అండ్ ప్రామిసెస్’ ఉంచుకుంటాను. ముప్పై ఏళ్లు నిండని మనిషి వయసు మీద పడటం గురించి, చలిమంట చుట్టూ చేరిన స్నేహితుల గురించి రాసిన పాట అది. పద్నాలుగేళ్లప్పుడు నేను దాన్ని ముందుకు తిప్పేసేవాణ్ని. ఇప్పుడు యాభై దాటాక, ముప్పై నిండనివాడికి ఇది ఎలా తెలిసిందా అని ఆశ్చర్యపోతున్నాను. అక్కడ అతడి గొంతు ఎత్తుకు వెళ్లదు, ఏమీ నిరూపించదు. గిటారు తీగ మీద వేలు జారిన చిన్న చప్పుడు కూడా వినిపిస్తుంది. నా క్యాసెట్‌లో అయితే దానికి తోడు తలలు అరిగిన టేపురికార్డరు సన్నని ఈల కూడా.

‘రాకీ మౌంటెన్ హై’ ఆల్బమ్‌లో చివరి పాట. అతడి అసలు పేరు హెన్రీ జాన్ డ్యూషెన్‌డార్ఫ్ జూనియర్. పుట్టింది న్యూ మెక్సికోలోని రోజ్‌వెల్‌లో. తండ్రి వైమానిక దళంలో పైలట్ కావడంతో పెరిగింది ఊరూరా. కచేరీ బోర్డు మీద పట్టని ఆ పేరు తీసేసి, కొలరాడో రాష్ట్ర రాజధాని పేరును తన పేరు చివర తగిలించుకున్నాడు. మన ఇంటిపేర్లలో చాలా భాగం ఊళ్ల పేర్లే కదా. ఎప్పుడో వదిలి వచ్చిన ఊరి పేరు తరతరాలుగా మోస్తాం. ఇతడు తిరగేశాడు: ఇంకా చేరని ఊరిని ముందే ఇంటిపేరుగా పెట్టుకుని, తర్వాత ఆ కొండల్లోకి వెళ్లి స్థిరపడ్డాడు. ఆస్పెన్ దగ్గర కొండ మీద గుడారం వేసుకుని ఉల్కలు రాలే రాత్రి చూసిన అనుభవం నుంచి పుట్టిన పాట అది. మైక్ టేలర్‌తో కలిసి రాశాడు. కొండ మీది ఆ ఆనందాన్ని మాదకద్రవ్యాల మత్తుగా అపార్థం చేసుకుని కొన్ని రేడియో స్టేషన్లు పాటను పక్కన పెట్టాయి. 1985లో పాటల మీద హెచ్చరిక ముద్రలు వేయాలన్న చర్చ వచ్చినప్పుడు అమెరికా సెనేటు కమిటీ ముందుకు వెళ్లి అతడు ఈ సంగతే చెప్పాడు. 2007లో కొలరాడో ఆ పాటను రాష్ట్ర గీతాల్లో ఒకటిగా చేసుకుంది. ఏ రాష్ట్రంలోనూ స్థిరంగా పెరగని మనిషి రెండు రాష్ట్రాలకు గీతాలు ఇచ్చాడు.

అప్పటికి అతడు లేడు. 1997 అక్టోబరు 12న కాలిఫోర్నియాలో మాంటెరే బే మీద తాను ఒంటరిగా నడుపుతున్న చిన్న విమానం సముద్రంలో కూలి చనిపోయాడు. వయసు యాభై మూడు. ఆ వార్త తెలిసిన రోజున క్యాసెట్ రెండో వైపు పెట్టి వింటూ, ఇన్నేళ్లుగా తప్పుగా భావించిన ఆ నాలుగు పాటల దగ్గర మొదటిసారి ఆపకుండా కూర్చున్నాను.

వాటి సంగతి ఇది. ఎల్పీలో మొదటి వైపు ఆరు పాటలు, రెండో వైపు అయిదు. అంతా కలిపినా నలభై నిమిషాలు రాదు. షాపువాడు ఎల్పీ పక్కలు పాటించకుండా, క్యాసెట్ మొదటి వైపు ముప్పై నిమిషాల్లో పట్టినన్ని, ఎనిమిది పాటలు ఎక్కించేశాడు. రెండో వైపు డెన్వర్ పాటలు మూడే మిగిలాయి. మిగతా టేపు ఖాళీగా పోనివ్వడం ఎందుకనుకున్నాడో, డబ్బు తీసుకున్నందుకు న్యాయం చేద్దామనుకున్నాడో, కొండ మీద ఉల్కలు రాలిన వెంటనే ఒక ఒడియా గొంతు మొదలవుతుంది. అది అక్షయ మహంతి గొంతు. తన పాటలు తానే రాసి, తానే వరుస కట్టి, తానే పాడిన ఒడియా వాగ్గేయకారుడు. కటక్ నుంచి మా దాకా ఆయన పాట వినని టీ దుకాణం ఉండేది కాదు. 2002లో పోయారు. ఆయనవి నాలుగు పాటలు, నాలుగోది రెండో చరణంలో టేపు అయిపోయి తెగిపోతుంది.

1988లో దీని మీద నేను మామయ్యతో గొడవ పడ్డాను. “నా క్యాసెట్ పాడు చేశాడు మామయ్యా, వెనక్కి ఇచ్చేసి మళ్లీ చేయించు” అన్నాను. ఆయన నవ్వి, “అడగనివి నాలుగు ఎక్కువిచ్చాడు కదరా, అది కూడా తప్పేనా?” అన్నాడు. ఇంటి బయట మాట్లాడేది ఒడియా, ఇంట్లో తెలుగు, గదిలో తలుపు వేసుకుని వినేది ఇంగ్లీషు అని నేను గీతలు గీసుకున్న వయసు అది. తలుపు వేసుకున్నా ఒడియా లోపలికి వచ్చిందని నా కోపం. చాలా ఏళ్లు, ‘రాకీ మౌంటెన్ హై’ చివర చప్పట్లలా మోగే గిటారు ఆగీ ఆగకముందే మీట నొక్కి టేపు ఆపేసేవాణ్ని. ఆ ఒక్క చోట రిబ్బను నలిగి, గొంతు ఒక్క క్షణం నీళ్లలో మునిగినట్టు వినిపిస్తుంది ఇప్పుడు.

ఈ మధ్య మా అబ్బాయి అదే ఆల్బమ్ ఫోన్‌లో పెట్టాడు. రికార్డింగు శుభ్రంగా ఉంది, పక్కలు లేవు, ఈల లేదు. పదకొండో పాట ముగిసింది. ఆ తర్వాత వచ్చిన నిశ్శబ్దంలో నా చెవి ఆగలేదు. అక్షయ మహంతి పాట మొదటి వరుస దానంతట అదే నోటికి వచ్చింది. మరునాడు రేకు పెట్టె దించి క్యాసెట్ తీశాను. లోపలి కాగితం మీద షాపువాడి చేతిరాత ఉంది: నీలం సిరాతో, ఒడియా లిపిలో, ఒకటి నుంచి పదకొండు దాకా పాటల పేర్లు. ‘షెనండోవా’ వంటి మాటలతో పని లేదు కనుక పేర్లన్నీ చక్కగానే రాశాడు, ఒక్క ‘ప్రామిసెస్’ దగ్గర అక్షరం దిద్దాడు. కింద నాలుగు గీతలు ఖాళీగా వదిలేశాడు. పన్నెండు, పదమూడు, పద్నాలుగు, పదిహేను అని అంకెలు వేసి, పేర్లు తెలుగులో నేను రాశాను. పదిహేనో దాని పక్కన ‘సగం’ అని కూడా రాశాను.